గీత మీద పడ్డ టిక్కు

జ్ఞానాపురం జూనియర్ కాలేజీ,
మేడ మీద ఎడమ చేతి గది.
కిటికీ చెక్క మీద వేలు పెడితే
పోర్టు బొగ్గు అంటుకుంటుంది.
నలభై ఒక్క మందికి నలభై ఒక్క కాగితాలు.
పదహారు ప్రశ్నలు, ఒక్కోదానికి ఏడు గళ్ళు.
ఒకటంటే అస్సలు కాదు,
ఏడంటే ముమ్మాటికీ అవును.
పేర్లు రాయక్కర్లేదన్నాను.
సగం మంది అప్పటికే రాసేశారు,
రోల్ నంబరుతో సహా.

కొలవాల్సింది ఇది:
తమకు తోడున్నారని వీళ్ళు ఎంత అనుకుంటున్నారు.
ఉన్నారా లేరా అన్నది కాదు,
అనుకోవడం.
ఈ మాట దగ్గర మా గైడు గారు
ప్రతిసారీ చాక్‌పీసు విరుస్తారు.

మూడో బెంచీలోంచి పైడిరత్నం లేచింది.
"మేడమ్, ఇది పగలు సంగతా, రేత్రి సంగతా?"
గదంతా నవ్వింది.
"పగలైతే ఆరు ఎడతానండి.
రేత్రి మాయమ్మ కేజీహెచ్ డ్యూటీకి ఎల్లిపోద్ది.
గదిలో నానూ, ఫ్యానూ. అప్పుడు ఒకటి."
నా కాగితంలో పగలూ లేదు, రాత్రీ లేదు.
సగటు చూసుకోమన్నాను.
ఆ పిల్ల ఆరునీ ఒకటినీ కలిపి
రెండుతో భాగించి
మూడున్నరకి గడేది అని అడిగింది.

స్నేహితుల ప్రశ్నలు వచ్చేసరికి
మూడు ముక్కలైన ఒక రబ్బరు
అడగకుండానే చేతులు మారింది.
ఒకమ్మాయి దాన్ని అందుకుని
తన ఐదు చెరిపి రెండు చేసి
పక్కమ్మాయికి అందించింది.

ఒక కుర్రాడు, పేరు రాయనివాడు,
రెండు నిమిషాల్లో పదహారు ఏడులు పెట్టేసి
డెస్కు మీద తల వాల్చాడు.
తూకం దారం వేలాడదీసినంత నిటారు గీత.
ఆ గీత నాకు తెలుసు.
పద్దెనిమిదేళ్ళప్పుడు, ఇంకెవరిదో కాగితంలో,
నేనూ గీశాను.

చివరి బెంచీలో గరికిన ఎల్లాజీ
తండ్రి ప్రశ్న దగ్గర చాలాసేపు పెన్ను కొరికాడు.
కాగితం తీసుకుంటుంటే మార్జిన్లో కనిపించింది,
చీమల్లాంటి అక్షరాలు:
"నాన ఇంటికాడుంటే 2.
వేట ఆపేసిన రెండు నెల్లూ 1.
బోటు మీదుంటే 7, సిగ్నల్ పోయేదాకా."
గట్టు మీద ఉన్నన్నాళ్ళూ
తిన్నావా అని కూడా అడగని మనిషి
యారాడ కొండ వెనకపడుతుంటే
ఫోను చెవికి ఆనించుకుని
ఏం అడుగుతాడో ఆ పది నిమిషాలూ.
అడగలేదు నేను. అడిగే గడి నాకు లేదు.

రాత్రి ఎంవీపీ కాలనీ హాస్టల్లో
అంకెలు ఎక్కిస్తూ కూర్చున్నాను.
రత్నం కాగితంలో టిక్కు
మూడుకీ నాలుగుకీ మధ్య,
సరిగ్గా గీత మీద పడింది.
స్కేలు పెట్టి మరీ పెట్టినట్టుంది.
గైడు గారికి ఫోన్ చేశాను.
"తొంభై తొమ్మిది వేసెయ్యమ్మా,
జవాబు లేనట్టే తీసుకుంటుంది కంప్యూటరు.
మార్జిన్లో రాతలు పట్టించుకోకు."

ఎల్లాజీకి రెండు వేశాను.
నిటారు గీతకి పదహారు ఏడులూ వేశాను,
ఒక్కొక్కటీ గట్టిగా నొక్కుతూ.
రత్నం దగ్గర మూడున్నర కొట్టాను.
ఎర్రటి పెట్టె లేచి ఒప్పుకోనంది.
మళ్ళీ కొట్టాను. మళ్ళీ లేచింది.

మిగిలిన కాగితం ఒకటుంది.
పదకొండో ప్రశ్న నేనే తయారు చేసింది:
నా మనసు బాగోలేనప్పుడు
చెప్పకుండానే పసిగట్టే మనిషి ఒకరున్నారు.
పెన్సిలు ఐదు దాకా వెళ్ళింది,
వెనక్కొచ్చింది.
వార్డెన్ లైట్లు ఆర్పమని అరుస్తోంది.
దూరంగా అవుటర్ హార్బరు బయట
బెర్తు కోసం ఆగిన ఓడల దీపాలు,
ఇక్కణ్ణుంచి చూస్తే ఒక వీధిలా.

ఇది పగలు సంగతా, రాత్రి సంగతా?
నన్నెవరూ అడగలేదు.
ఫ్యాను తిరుగుతోంది.